కోట తలుపు బయటి మనిషి

ఏళ్ళ తరబడి ఈ మాటని మింగలేకా కక్కలేకా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పే ధైర్యం వచ్చింది.

అమెరికాలో ఎడిసన్ ఊరి దగ్గర డచ్‌వాళ్ళు కట్టిన పాత చర్చి ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సంఘం ఆరాధన అక్కడే. హాలు ఇప్పించింది ఆ చర్చి పెద్ద ఒకాయన. ఆయన పూర్వీకులు మధ్యయుగంలో హాలండ్‌లో ఓ చిన్న సీమని ఏలారు, మన జమీందార్లలాగా. ఆ సీమ పేరే వాళ్ళ ఇంటిపేరు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, వంశవృక్షం తయారుచేసి పెట్టమన్నాడు. హాలు గోడకి బోర్డుగా పెట్టిస్తాడట.

ఉత్సాహంగా చేశాను. ఆ వంశంలో అలీడా అనే అమ్మాయి ఉంది. తండ్రి పోయాక శత్రువు కోటని ముట్టడిస్తే, చలికాలమంతా తలుపు తియ్యనివ్వలేదు. ఆమె తర్వాత సీమ ఏలినవాడి ఇంటిపేరూ అదే. మనకి ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములే కదా? ఆమె తమ్ముడని వేసేశాను. పెద్దాయన ఆ తమ్ముడి సంతతి. తమ ఇంటి ఆడపడుచు అంత ధీరురాలా అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడే పుట్టిన మునిమనవరాలికి అలీడా అని పేరు పెట్టించాడు.

బోర్డు చేయించే ముందు ఎందుకో అనుమానం వచ్చి మళ్ళీ చదివాను. అక్కడ ఆ రోజుల్లో పేరు రక్తంతో రాదు, నేలతో వస్తుంది. సీమ ఎవరి చేతికొస్తే పేరు వాళ్ళదే. ఆ తర్వాతివాడు తమ్ముడు కాదు. తలుపు బయట సైన్యంతో నిలబడ్డ శత్రువు. కోట లొంగాక అలీడాని మఠానికి పంపేసి, సీమతోపాటు పేరూ తీసుకున్నాడు. పెద్దాయన వాడి వంశం.

ఆ సాయంత్రమే మా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను.

"అయ్యగారూ, బోర్డ్‌లో చిన్న మిస్టేక్ ఉంది. చెప్పేద్దామా?"

"హాల్ రెన్యూవల్ ఆయన చేతిలోనే ఉంది కదా బ్రదర్. చిన్నదేగా, వదిలేయండి."

తప్పు ఆయన మీదికి నెట్టను. చిన్నది అన్నది నేను. ఎంత పెద్దదో తెలిసి, ఆయన చేత వదిలెయ్యమనిపించుకోవడానికే వెళ్ళానేమో. నేను దేనికి భయపడ్డాను? హాలు పోతుందనా? తెలివైనవాడన్న నా పేరు పోతుందనా? బోర్డు చెక్కించే ముందు మరోసారి సరిచూశావా అని పెద్దాయన అడిగితే, చూశానన్నాను. అబద్ధం కాదు. నిజంగానే చూశాను. నన్ను తినేస్తున్నది అదే.

ఇప్పుడా మునిమనవరాలికి చదవడం వచ్చింది. పోయిన ఆదివారం బోర్డు ముందు నిలబడి, అలీడా గురించి స్కూల్లో చెబుతానంది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కకొచ్చి కూర్చుని అడిగింది, తలుపు బయటున్న ఆ చెడ్డవాడు తర్వాత ఏమయ్యాడని. తెలియదన్నాను. పెద్దాయన పక్కనే నవ్వుతున్నాడు.

రేపు ఎవరో ఒకరు వెతుకుతారు. ఫోన్ మోగితే చాలు, ఆయనేనేమోనని పేరు చూసిగానీ ఎత్తను. ఆయనకి చెబుతానో లేదో నాకే నమ్మకం లేదు. కానీ ఆ పాపకివ్వని జవాబు మీకిస్తున్నాను. ఇస్తుంటే మాత్రం కాస్త ఊపిరాడుతోంది. వాడికేమీ కాలేదమ్మా. మీ తాతముత్తాతలకి తాత అయ్యాడు.