మన్ను తినేది, మన్ను తిననిది

పొద్దున్నే చెత్తబండి తొక్కుకుంటూ వచ్చే రామక్కను, జగదల్‌పూర్ శివారులోని ఆ కొత్త బస్తీలో అందరూ దీదీ అనేవారు. నాలుగైదు తెలుగు ఇళ్లవాళ్లు మాత్రం రామక్కా అని పేరుతో పిలిచేవారు. ఆమెది కోంటా వైపు గొల్లపల్లి. పుట్టింట్లో ఆమె చెత్తబుట్ట చూసి ఎరగదు. ఆకు విస్తరి, చింతతొక్క, చేపముల్లు, ఏదైనా పెరట్లోకి విసిరేవారు. పెరడు వాటిని తనలో కలుపుకునేది.

బస్తీ నేల అలా కలుపుకోలేదు. పొలాలున్న చోట ఇళ్లు లేచాయి. ఇళ్లతోపాటు సంచులు, సీసాలు, పొట్లాలు వచ్చాయి. పక్కనే వాగు ఉంది కాబట్టి అందరూ వాగులో వేశారు. ఏటా మొదటి వానకు ఆ సంచులన్నీ చిన్న వంతెన కింద అడ్డుపడేవి. దారి దొరకని నీళ్లు ఇళ్లలోకి తిరిగేవి.

అందుకని వాగు గట్టున రేకుల షెడ్డు వేశారు. ఇంటింటి చెత్త అక్కడికి తెచ్చి, తడిది ఎరువు గుంతలో పూడ్చాలి, పొడిది మూటలు కట్టి పంపించాలి. రామక్కా, మరికొందరు ఆడవాళ్లూ ఆ పనికి కుదిరారు. గడపగడపకూ రెండేసి డబ్బాలిచ్చి, తమకు నేర్పిన హిందీ మాటలే చెప్పారు. తడిదానికి గీలా, పొడిదానికి సూఖా.

ఎండలు ముదిరేసరికి షెడ్డు కంపు కొట్టింది. తడి వైపు కాదు, పొడి వైపు. కుక్కలు చేరి మూటలు చింపాయి. సంచులు గాలికి లేచి మళ్లీ వాగులో పడ్డాయి.

షెడ్డుకు ఎదురుగా అన్నపూర్ణమ్మ కిరాణా దుకాణం. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే తూకం వేసేది.

"ఏందే రామక్కా, పొడి చెత్తంటివి. పొడి చెత్తకాడ కుక్కలు కాపురం పెడతయా?"

"చూస్తున్న సావుకారమ్మా."

"నువ్వు చూస్తనే ఉండు. నా దుకాణం దిక్కు ఎవరూ చూస్తలేరు."

ఆమె ఊరుకోలేదు. బస్తీవాళ్లను కూడగట్టింది. షెడ్డు ఊరవతలకి ఎత్తేయాలని, ఆ ముచ్చట షెడ్డులోనే కూర్చుని తేల్చాలని, అందరికీ ఆ కంపు తెలియాలని పట్టుబట్టింది. షెడ్డు పనంతా అజమాయిషీ చేసే దేవేంద్ర ఆదివారానికి సభ పెట్టాడు. రామక్కతో హిందీలో మెల్లగా అన్నాడు.

"అంత దూరం మీరు బండ్లు తొక్కలేరు దీదీ."

ఆ మాట ఆమెకు చెప్పక్కర్లేదు. బండి రాని నాడు అందరికీ వాగే దగ్గర. వాన కూడా దగ్గరే.

రామక్క ఆ రోజు మూటలు విప్పి కూర్చుంది. ప్రతి మూటలో చేప తలలు, ముళ్లు, పొలుసులు. ఎండుచేప. బస్తర్‌లో దాన్ని సుక్సీ అంటారు. ఒక గుప్పెడు పట్టుకుని ఆమె నేరుగా నందే దగ్గరికి వెళ్లింది. నందే బాసగూడ నుంచి వచ్చి, బస్తీ మలుపులో సుక్సీ అమ్ముతుంది.

"సుక్సీ చెత్త సూఖా డబ్బాల ఎందుకేసినవే?"

"మరేడ ఎయ్యాలక్కా? ఎండబెట్టి ఎండబెట్టి నా వీపు మాడింది. సుక్సీ సూఖా కాకుంటే గీలానా? నీ ఇంట్ల ఏడ ఏస్తవు?"

తన ఇంట్లోనూ అది సూఖా డబ్బాలోనే పడుతోంది. నందే వదల్లేదు.

"గీలా లేదు, సూఖా లేదు. సుక్సీని మన్నుల పెట్టు, మన్ను తింటది. నీ ప్లాస్టిక్కు పెట్టు, ఉమ్మేస్తది. గంత తెల్వదా?"

రామక్క నందే గంపలోంచి ఒక ఎండుచేప తీసుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. అడగనైనా అడగలేదు.

ఆ మధ్యాహ్నమే ఆడవాళ్లంతా మూటలన్నీ విప్పి మళ్లీ వేరుచేశారు. ముళ్లూ తలలూ గుంతలో వేసి మన్ను కప్పారు. మర్నాడు బండి మీద కొత్త కేక వినిపించింది. మన్ను తినేది ఒక డబ్బా, మన్ను తిననిది ఒక డబ్బా. తెలుగిళ్ల ముందు తెలుగులో, మిగతా గడపల్లో హల్బీలో, గోండిలో, హిందీలో. ఆ మాట ఏ భాషలో చెప్పినా ఎవరూ మళ్లీ అడగలేదు. అడిగిన ఒక్కడూ ఎగతాళికే అడిగాడు. ముసలి సీతయ్య అరుగు మీదినుంచి కేకేశాడు.

"మరి నన్ను ఏ డబ్బాల ఎయ్యాలె బిడ్డా?"

"మన్ను తినేదాంట్లనే తాతా. జర ఆగు, తొందరేంది?"

బస్తీ పగలబడి నవ్వింది. అరుగరుగుకీ ఆ మాట పాకింది. ఆదివారానికి పిల్లలు దాన్ని ఆటలో లెక్కలా పాడుకుంటున్నారు.

సభకు అన్నపూర్ణమ్మ ముందుగా వచ్చింది. కొంగు ముక్కు మీదే ఉంది. మూటల మధ్య నడిచింది. ఒకటి విప్పించింది. సీసాలు, సంచులు, అట్టలు. ఇంకొకటి విప్పించింది. కుక్కల కోసం గట్టు దాకా చూసింది. ఒక్కటీ లేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె మెల్లగా కొంగు దించి, గట్టిగా గాలి పీల్చింది.

"షెడ్డు ఎత్తేయాలన్నవాళ్లు చెయ్యెత్తండి" అన్నాడు దేవేంద్ర హిందీలో.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఎత్తేస్తె ఎట్ల? నా దుకాణానికి గుర్తేంది మల్ల? షెడ్డు ఎదురు దుకాణమనే కదా అందరంటరు" అంది అన్నపూర్ణమ్మ. దేవేంద్ర ఆ తెలుగు అర్థం కాక రామక్క వైపు చూశాడు. రామక్క హిందీలో చెప్పింది.

మొదటి వాన తెల్లవారుజామున పడింది. అలవాటు చొప్పున బస్తీవాళ్లు సామాన్లు మంచాల మీదికి ఎత్తుకుని, గుమ్మాల్లో నిలబడి చూశారు. రామక్క తడుస్తూ చిన్న వంతెన మీదికి వెళ్లింది. కింద వాగు ఎర్రగా, వేగంగా, అడ్డం లేకుండా పోతోంది.

దుకాణం తలుపు సందులోంచి అన్నపూర్ణమ్మ కేకేసింది.

"ఏందే రామక్కా, ఏం కొట్టుకొస్తున్నయే?"

"నీళ్లే సావుకారమ్మా" అంది రామక్క. "ఉత్త నీళ్లే."