పలుపుతో సహా అమ్మిన ఎర్ర కారు

ఇంటర్మీడియట్ పిల్లలకు నేను పాతికేళ్లు కామర్స్ చెప్పాను. తరుగుదల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రెండు పద్ధతులు రాసేదాన్ని. స్థిర వాయిదాల పద్ధతి ఒకటి, తగ్గుతున్న నిల్వల పద్ధతి ఒకటి. మూడోది కూడా ఉంది కానీ అది సిలబస్‌లో లేదు. దాని పేరు మా నాయన నోరు. ఆ పద్ధతిలో వస్తువు ఎండకు ఎండనక్కర్లేదు, వానకు తడవనక్కర్లేదు, ఏళ్లు గడవనక్కర్లేదు. కొనడానికి వచ్చిన మనిషి ముందు మా నాయనను నిలబెడితే చాలు, కాఫీ చల్లారేలోపు ధర సగానికి పడిపోతుంది.

మా నాయన పుంగనూరు దగ్గర పల్లెలో పశువుల దళారీ. నలభై ఏళ్లు సంతల్లో ఆవుల్నీ ఎద్దుల్నీ అమ్మించాడు, తనవీ అమ్మాడు. ఆ నలభై ఏళ్లలో ఆయన చేతి మీదుగా పోయిన గొడ్డు ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ‘నువ్వు చెప్పిందొకటి, ఇది చేసేదొకటి’ అంటూ ఎవరూ వెనక్కి తోలుకు రాలేదు. ఆయన ఆస్తి అంతా ఆ ఒక్క మాటే. తన్నే ఆవైతే తంతుందని బేరానికి ముందే చెప్పేవాడు, ఎటు తంతుందో కూడా చెప్పేవాడు. అందుకే కొనేవాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, అమ్మేవాళ్లు దణ్ణం పెట్టి ఇంకో దళారీ దగ్గరికి పోయేవాళ్లు.

ఆయనకు ఇంకో పట్టుదల ఉండేది. గొడ్డును అమ్మినా దాని మెడలోని పలుపు మాత్రం ఇవ్వకూడదు. కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకోవాలి. మన పలుపు మనం విప్పి ఇంటికి తెచ్చుకుంటేనే కొట్టంలో లక్ష్మి నిలుస్తుందని మా వైపు అందరి నమ్మకం. మా కొట్టం గోడకు వరసగా మేకులు, మేకుకొక పలుపు. ఏది ఏ ఆవుదో ఆయనకు తెలుసు. చిన్నప్పుడు నేను అ ఆలు నేర్చుకోకముందే ఆ పలుపుల పేర్లు నేర్చుకున్నాను.

ఇక కారు సంగతి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను మదనపల్లెలో పని చేస్తున్నాను. ఒకరోజు నా స్కూటరు మొరాయిస్తే మెకానిక్ షెడ్డుకు తోసుకుపోయాను. ఆ షెడ్డులో మూలన ఎర్రగా, నేలకు అతుక్కుపోయినట్టు, ఒక కారు. బెంగుళూరులో ఎవరో షోకిల్లా పాత కారు ఇంజను మీద ఫైబరు ఒళ్లు కట్టించి స్పోర్ట్స్ కారు చేయించుకున్నాడట. రెండే తలుపులు, రెండే సీట్లు. వెనక రెక్కలాగా ఒక పలక. పెళ్లయి కవల పిల్లలు పుట్టేసరికి ఆయనకు నాలుగు తలుపులు కావలసి వచ్చి దీన్ని వదిలించుకున్నాడు. స్కూటరు బాగవడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో నాకు మతి పోయింది. అప్పుడే చేతికొచ్చిన ఎరియర్స్ అంతా పోసి దాన్ని కొనేశాను. తరుగుదల పాఠం చెప్పే మనిషిని, ఏ కారైనా కొన్న రోజే ఎంత తరుగుతుందో నాకు తెలుసు. తెలిసి కొన్నాను, ఎవర్ని తిట్టుకోను?

ఊరికి తీసుకుపోయి చూపించాను. మా నాయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి మూతి చూశాడు. వెనక తట్టు అరచేత్తో చరిస్తే డొల్లగా మోగింది.

“ఎన్ని పండ్లు?” అన్నాడు, పండ్లు లెక్కపెట్టి గొడ్డు వయసు కట్టే అలవాటుతో.

“పదేండ్లు నాయనా.”

“పదేండ్ల దానికి ఇంత సోకేంది అమ్మణ్ణీ? రంగేసిండారు. సరే, సుడులైతే మంచిగానే ఉండాయి.”

రంగు వేసిన మాట నిజమే. అది పెట్రోలు తాగడం చూశాక మిగతాది కూడా అర్థమైంది. మదనపల్లె నుంచి పుంగనూరుకు వచ్చి పోయేసరికి నా జీతం కరిగి నీరయ్యేది. చివరికి మెకానిక్ డిక్కీలో గ్యాసు సిలిండరు కిట్టు బిగించి, “ఇప్పుడిది హైబ్రిడ్డు మేడం. గ్యాసూ తాగుతాది, పెట్రోలూ తాగుతాది” అన్నాడు. అసలు హైబ్రిడ్ కార్లంటే వేరే అని నాకు తెలుసు కానీ వాడి ఉత్సాహం చూసి ఊరుకున్నాను. మా వైపు అప్పటికి హైబ్రిడ్ అంటే టమాటాలూ, సీమావులూ. మా నాయన సంగతి విని తల పంకించి, “సంకరమా? పాలెక్కువే, జబ్బులూ ఎక్కువే” అన్నాడు. అక్షరాలా అదే జరిగింది.

ఆ కారులో కూర్చుంటే రోడ్డు మీద అందరూ నాకంటే ఎత్తుగా కనిపించేవాళ్లు. మేకలు కూడా వంగి చూసి పోయేవి. ప్రతి స్పీడ్ బ్రేకరూ దాని కడుపు గీరేది, గీరినప్పుడల్లా నా పళ్లు జివ్వుమనేవి. నిమ్మనపల్లె రోడ్డులో ఒకసారి టమాటా బుట్టలేసుకున్న ఆటోవాడు నన్ను దాటి పోయి, మళ్లీ ఆగి, “అక్కా, రేసుకు పోతాండావా?” అని అడిగాడు. బి.కొత్తకోట బస్సు కండక్టరు కిటికీలోంచి ఈల వేశాడు. మా కాలేజీ పిల్లలు దానికి పేరు కూడా పెట్టారు, ఇక్కడ రాయను. అయినా సరే, ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద అది గుర్రుమంటూ పోతుంటే, అబ్బ, ఆ సంతోషం నాకు ఇంకే వస్తువూ ఇవ్వలేదు. నేను దాన్ని ప్రేమించాను, సిగ్గెందుకు?

ఆరు నెలలకు గ్యాసు నుంచి పెట్రోలుకు మార్చే స్విచ్చి చచ్చిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాలన్నారు, రాలేదు. మెకానిక్ సీటు పక్కన వేళ్లతో కదలనంత బిగువైన చిన్న మీట పెట్టి, దీనికి గట్టి తాడొకటి కట్టుకుంటే చాలన్నాడు. లాగితే పెట్రోలు, వదిలితే గ్యాసు. నేను నైలాను తాడు కొనబోతుంటే మా నాయన ఆపాడు. కొట్టంలోకి పోయి మేకు నుంచి ఒక పలుపు తీసుకొచ్చి తనే ముడేశాడు. అది మా తెల్లావుది. నడుము ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవు, మా ఇంట్లోనే పుట్టింది, ఒక కరువులో మేత దొరక్క అమ్మేశాము. అమ్మిన రోజు ఆయన అన్నం ముట్టలేదు.

“తెల్లావు పలుపమ్మణ్ణీ. ఇది ఉంటే బండి యాడా నిలబడదు” అన్నాడు. నిజంగానే నిలబడలేదు. నేను గర్వంగా పలుపు పట్టుకుని మూడేళ్లు కారు తోలాను.

అమ్మాలనుకున్నది కూడా ఆయన కోసమే. ఆయన మోకాళ్లు పాడయ్యాయి. ఆ కారులో కూర్చోబెట్టడం సులువే, లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకసారి ఆస్పత్రి ముందు నేనూ ఒక నర్సమ్మా కలిసి లాగితే ఆయన బయటికి వచ్చాడు, చెప్పు లోపలే ఉండిపోయింది. ఇక ఎత్తుగా ఉండే నాలుగు తలుపుల కారు కొందామని తీర్మానించాను. అమ్మకం తన చేతి మీదుగానే జరగాలని ఆయన పట్టుబట్టాడు. అక్కడే నేను పప్పులో కాలేశాను.

మదనపల్లెలో ఒక హోటలాయన చూడటానికి వచ్చాడు. మంచి ధర చెప్పాడు. మా నాయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. “సూడప్పా, వానొస్తే ఎడమ పక్క కారుతాది. మూడో గేరు ముద్దు సేస్తే గాని పడదు. ఒకసారి గోడకు గుద్దింది, మా పాపే గుద్దింది.” హోటలాయన ధర తగ్గించాడు. మా నాయన ఇంకా రెండు లోపాలు గుర్తు చేసుకున్నాడు. హోటలాయన కాఫీ తాగి వెళ్లిపోయాడు. పుంగనూరులో నూనె మిల్లు ఆయన దగ్గరా ఇదే తంతు. నేను మండిపడ్డాను.

“యాల నాయనా అన్నీ చెప్తాండావు? వాళ్లడిగినారా?”

“అడిగినాంక సెప్పేది లోపం కాదమ్మణ్ణీ, దొరికిపోయేది. బండి తిరిగొస్తే నా మొగం యాడ పెట్టుకోను?”

నేను విసురుగా కారు తలుపు వేశాను.

మూడో మనిషి కుప్పంలో ఫోటో స్టూడియో యజమాని. పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు, పెళ్లికొడుకుల ఊరేగింపుకు ఎర్ర కారు ఉంటే గిరాకీ పెరుగుతుందని ఆశ. మేమే కారు తోలుకుని పోయాము. మా నాయన లోపాలన్నీ వరసగా చెప్పాడు, పలుపు ఎట్లా లాగాలో కూడా లాగి చూపించాడు. స్టూడియో ఆయన నవ్వుతూ విన్నాడు. ఆయన తండ్రి కూడా పశువుల వ్యాపారమేనట. అంతే, ఇద్దరూ చేతుల మీద తువ్వాలు కప్పుకున్నారు. సంతలో బేరం అట్లాగే జరుగుతుంది. తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కనున్నవాళ్లకు తెలియదు. కామర్స్ లెక్చరర్‌ని, కారు యజమానిని, నేను గోడకు తగిలించిన పెళ్లి ఫోటోలు చూస్తూ నిలబడ్డాను. బేరం తెగింది. డబ్బు చేతికి వస్తే చూశాను, కొన్నదానిలో సగం కూడా లేదు. తువ్వాలు కిందా ఏదో లోపం చెప్పే ఉంటాడు ఈయన!

కారుకు చివరిసారి చెయ్యి ఆనించి బస్సెక్కాను. కళ్లు తడయ్యాయి, దుమ్ము పడిందన్నాను. మా నాయన భుజం మీద తాడొకటి వేలాడుతోంది. ఆయన భుజం మీద ఎప్పుడూ ఏదో ఒక తాడు ఉంటుంది కాబట్టి నేను పట్టించుకోలేదు.

నాలుగో రోజు ఊళ్లో మా ఇంటికి ఫోన్ వచ్చింది. స్టూడియో ఆయన అరుపు నా చెవిలో నుంచి మా నాయనకు కూడా వినపడుతోంది.

“ఏమమ్మా, మీ పెద్దాయన ఇట్ల సేసినాడే! పెండ్లికొడుకు లోపల కూసోనుండాడు, వి.కోట రోడ్డులో గ్యాసు అయిపోయింది. ట్యాంకు నిండా పెట్రోలుండాది. తాడు లాగమన్నాడు, లాగుదామంటే తాడేది? మేళగాళ్లు డోళ్లు దింపి బండిని మంటపందాకా తోసినారు. రేపు ట్రాక్టరుకు కట్టి మీ ఊరికే తోలుకొస్తా!”

డోళ్లు దింపి తోయడం తలుచుకుని నాకు నవ్వాగలేదు. పగలబడి నవ్వాను. నవ్వుతూ తిరిగి చూస్తే మా నాయన అరుగు మీద కూలబడిపోయి ఉన్నాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు. నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

కొట్టంలోకి పోయి చూశాను. తెల్లావు మేకుకు తెల్లావు పలుపు.

“నాయనా, ఇది కారుది కదా. యాల విప్పుకొచ్చినావు?”

“పలుపు ఎవరైనా ఇస్తారా?” అన్నాడు, నలభై ఏళ్లుగా అంటున్నట్టే. అని, లేచి వచ్చి ఆ పలుపును చేతిలోకి తీసుకున్నాడు. “అన్నీ సెప్పినా. వానకు కారేది సెప్పినా, గోడకు గుద్దింది సెప్పినా. అంతా సెప్పి, దాని పేగు పెరుక్కోనొచ్చినానే అమ్మణ్ణీ. రేపు ట్రాక్టరెనక బండి ఊళ్లోకి వస్తాది. అందరూ సూస్తారు.”  ఆయన్ని నేను అట్లా ఎప్పుడూ చూడలేదు, నాకు భయమేసింది.

పొద్దున్నే మొదటి బస్సుకు బయలుదేరాము, కారు కుప్పం దాటకముందే చేరాలని. దారిలో నేను చెప్పి చూశాను, కుప్పంలో నైలాను తాడు దొరుకుతుంది, పది నిమిషాల పని, మన పలుపు మనం తెచ్చుకుందాం అని. ఆయన పలుపు ఒళ్లో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మేము పోయేసరికి స్టూడియో ముందు ట్రాక్టరు సిద్ధంగా ఉంది, కారును మోకుతో కడుతున్నారు. మా నాయన ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా పోయి, ఆ మోకాళ్లతోనే కారులోకి వంగి దూరాడు. మీటకు పలుపు ముడేశాడు. లాగి చూశాడు. తాళం తిప్పమని సైగ చేశాడు. నేను తిప్పాను, కారు గుర్రుమంది. తర్వాత ఆయన్ని బయటికి లాగడానికి నేనూ ట్రాక్టరు డ్రైవరూ పట్టాల్సి వచ్చింది.

“పెద్దాయనా, పలుపు ఇచ్చేస్తాండావా? వద్దు వద్దు, నేనింకోటి కట్టుకుంటా” అన్నాడు స్టూడియో ఆయన. ఆయనకూ తెలుసు కదా.

“దీంతోనే అమ్మినా. దీంతోనే పోవల్ల.” అని మా నాయన భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని ముందుకు చాపాడు. “తప్పు నాది. తిప్పి పంపుతానంటే పంపు. ధర ఎంత కావాలో సెప్పు, ఇచ్చి తోలుకుపోతా.”

స్టూడియో ఆయన దగ్గరికి వచ్చి, తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంతకూ చేతులు బయటికి రావడంలేదు. ఎంత అడుగుతున్నాడో ఏమో అని నేను సంచిలో డబ్బు తడుముకున్నాను. చివరికి ఆయన చెయ్యి తీసుకుని, ట్రాక్టరు వాణ్ణి మోకు విప్పమన్నాడు. మాకు ఇడ్లీ పెట్టించి బస్టాండు దాకా దిగబెట్టాడు, ఆ కారులోనే, ఒకరి తర్వాత ఒకర్ని.

బస్సు కదిలాక అడిగాను. “ఎంతన్నాడు నాయనా?”

“ఏమీ అనలేదు.”

“అంతసేపు వేళ్లు పట్టుకున్నాడే!”

“వేళ్లు పట్టుకోలేదమ్మణ్ణీ, చెయ్యి పట్టుకున్నాడు.” ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, ఖాళీ భుజాన్ని ఒకసారి తడుముకున్నాడు. “బండి తిరిగి రాలేదు సూడు.”