చదివేవాడి వాటా

డెట్లెఫ్ వేళ్లు పొగాకు ఆకును తడిపి, ఈనె తీసి, చుట్టబోయాయి. ఆకు మళ్లీ చిరిగింది. జర్మనీలో ఆల్టోనా ఊళ్లోని ఈ చుట్టల కార్ఖానాలో అతను చుట్ట చుట్టి ఏళ్లయింది. అందరూ పనిచేస్తుంటే అతను ఎత్తు పీట మీద కూర్చుని గొంతెత్తి చదివేవాడు. అతని వాటా చుట్టలు మిగతావాళ్లు చుట్టేవారు. అది ఇక్కడి ఆనవాయితీ. పత్రికలు అయ్యాక, లండన్‌లో తలదాచుకున్న జర్మన్ పెద్దాయన రాసిన లావుపాటి పుస్తకం తీసేవాడు. కోటు తాకట్టులో ఉన్నా ఆయన రాయడం ఆపలేదట. వస్తువు విలువంతా దాన్ని చేసినవాళ్ల శ్రమేనన్న చోటికి వస్తే డెట్లెఫ్ కళ్లద్దాలు తుడుచుకుని, ఆ పుట మళ్లీ చదివేవాడు. పొగాకు దుమ్ముకు ఈ చలికాలం అతని గొంతు పూర్తిగా పోయింది. చదవలేనివాడు తన వాటా తనే చుట్టుకోవాలని, సాయంత్రానికి చుట్టల కట్ట నిండకపోతే రేపు బల్ల దగ్గర చోటుండదని మేస్త్రీ చెప్పేశాడు.

పక్కన కూర్చునే వీబ్కె తన చుట్టలు కొన్ని అతని ముందుకు తోసింది. వెనక బల్లవాళ్లూ అందించారు. డెట్లెఫ్ వాటిని వెనక్కి నెట్టాడు. "వద్దమ్మా. ఒకరి కష్టం ఇంకొకరు తినకూడదని చదివింది నేనే కదా," అన్నాడు గుసగుసగా. "చదివావులే. సగం మాకు ఎక్కనే లేదు, నిద్రపోయాం కూడా," అంది వీబ్కె. "ఈ దుమ్ము మింగుతూ మాకోసం గొంతు పోగొట్టుకున్నావే, అది కష్టం కాదా? నోరెలాగూ పడిపోయింది, చేతులన్నా ఆడించి ఇవి కట్టవయ్యా!" డెట్లెఫ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తన వంకర చుట్టలను మధ్యలో పెట్టి, చుట్టూ వాళ్లవి పేర్చి, రిబ్బనుతో బిగించి, కట్టను మేస్త్రీ చేతికిచ్చాడు.