గాలికి గోడ కట్టే రాయమల్లు

రాయమల్లుకు కుదురు ఉండదు. కూర్చుంటే ఒక మోకాలు ఊగుతూనే ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, గాలి ఎటునుంచి వస్తోందోనని తలుపు సందులో అరచేయి పెట్టి చూస్తాడు. గోదావరిఖనిలో బొగ్గు బాయి పనికి ఎక్కిన నాటి నుంచి అతను కట్టినవన్నీ గోడలే. భూమి లోపల, బొగ్గు తవ్వేసి వదిలిన ఖాళీలకు ఇటుకలతో అడ్డం కడతాడు. లోపల మిగిలిన బొగ్గుకు గాలి తగిలితే అది తనంతట తానే వేడెక్కుతుంది, పొగలు కక్కుతుంది, ఒకనాడు అంటుకుంటుంది. అందుకని గాలిని ఆపాలి. ఆ గోడలను పైనున్న వాళ్లెవరూ చూడరు. వాటికి ఒకవైపు చీకటి, మరోవైపు ఇంకా పాత చీకటి.

అతని బిడ్డ సంతోషి గీసేవి ఎండ పడే గోడలు. హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చివరి ఏడు చదువుతోంది. ఆఖరి ప్రాజెక్టు ఇంట్లో ఉండి చేసుకోమన్నారు. పాత ల్యాప్‌టాప్ ఆమె గీసిన భవనాన్ని తెరవబోయి ప్రతిసారీ తెల్లబోయి ఆగిపోయేది. వేసవి మొదట్లో తండ్రీ బిడ్డా చౌరస్తాలోని వీరేందర్ కంప్యూటర్ షాపుకు వెళ్లారు.

ఆమెకు కావలసినవి విని వీరేందర్ కనుబొమలెగరేశాడు. "గేములు ఆడుతవా చెల్లె?"

"గేములు కాదన్నా. బిల్డింగు మీద వెలుగు ఎట్ల పడ్తదో మిషన్ లెక్క కట్టి, ఫొటో లెక్క బొమ్మ తీయాలె. రెండర్ అంటరు."

"అయితే గ్రాఫిక్స్ కార్డు గట్టిది పడాలె. మానిటర్ జర చిన్నది తీస్కో, సరిపోతది."

"తెర చిన్నగైతే ఎట్ల?" రాయమల్లు లేచాడు. "ఇంటికొచ్చినోళ్లకు కనవడేది అదే గద."

"ఇంటికొచ్చినోళ్లు నాకు మార్కులెయ్యరు బాపూ. కూసో."

అతను కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ప్రాసెసర్ డబ్బాను చెవి దగ్గర ఊపి చూశాడు. "ఊపకు కాకా, అదేమన్న కొబ్బరికాయనా!" అని వీరేందర్ లాక్కున్నాడు. ర్యామ్ మాత్రం అతనికి నచ్చింది. ఒకే పెద్ద పట్టీ వద్దనీ, జోడెడ్ల లెక్క రెండు కలిసి గుంజితేనే పని సాగుతుందనీ వీరేందర్ చెప్పిన మాట నచ్చింది.

చివరికి వీటన్నింటినీ పెట్టుకునే క్యాబినెట్ దగ్గరికి వచ్చారు. వీరేందర్ ఒకటి ముందుకు జరిపాడు. దాని ముఖమంతా సన్నని జాలీ.

"ఇది తీస్కోండ్రి. గాలి మంచిగ ఆడుతది."

రాయమల్లు మోకాలు ఆగిపోయింది. "గాలి లోపటికి పోతదా?"

"పోవాలె గద కాకా."

"మా ఇల్లు ఓపెన్‌కాస్టు పక్కనే అని ఎరుకేనా నీకు? పొద్దుగాల తోమిన కంచం మీద పగటికి వేలుతోటి పేరు రాయొచ్చు. జాలీ పెడితే ఆ దుమ్మంత యాడికి పోతది?"

"జాలీ లేనిది గూడ ఉన్నది, ముందట అద్దం. కని ఎండకాలం వేడెక్కుతది."

"వేడి సంగతి నాకు చెప్తున్నవా పిలగా? ఏదైన వేడెక్కేది గాలి తాకితెనే."

వీరేందర్ సంతోషి వైపు చూశాడు. ఆమె తండ్రి వైపు చూసింది. పొద్దుటి నుంచి తనకు పేరు కూడా తెలియని వస్తువులకు తలూపుతూ వచ్చిన మనిషి. ఇదొక్కటే నోరు తెరిచి అడిగాడు.

"అద్దందే ఇయ్యన్నా," అంది.

క్వార్టర్ ముందు గదిలో, కిటికీ పక్కన దాన్ని పెట్టారు. రోజూ మధ్యాహ్నం, పైనుంచే బొగ్గు తవ్వే ఆ ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు సైరన్ మోగగానే సంతోషి తల్లి రమ కిటికీలు మూసేది, రాయమల్లు ఇంట ఉంటే కంప్యూటర్ మీద దుప్పటి కప్పేవాడు. నేల ఒకసారి వణికేది. ఆ తర్వాత ఊరి మీద బూడిద రంగు వెలుతురు దిగేది, మెల్లగా, ఎవరికీ చెప్పకుండా వచ్చిన సాయంత్రంలా.

గీతలు గీసినన్ని రోజులు పెట్టె బాగానే నడిచింది. రెండర్లు మొదలయ్యాక ఊపిరాడని మనిషిలా రొద పెట్టింది, మధ్యలో ఆరిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ ఆరిపోయింది. తెల్లవారితే హైదరాబాద్‌లో చివరి రివ్యూ. సాయంత్రం రైలు. ఒక్క బొమ్మ మిగిలింది, అదే అసలు బొమ్మ. అది లేకుండా వెళ్తే సంవత్సరం పనంతా సగం మాటే.

సంతోషి స్నానానికి వెళ్లినప్పుడు రాయమల్లు అద్దం మీద చేయి పెట్టాడు. కాలింది. ఆ వేడి అతనికి తెలుసు. ప్యాకింగ్ టేపు తెచ్చి, వెనక ఉన్న చీలికలన్నింటికీ ఒక్కొక్కటిగా అతికించి, అంచులు బొటనవేలితో నొక్కాడు. ఇటుకల సందుల్లో సున్నం నొక్కినంత శ్రద్ధగా.

ఈసారి పెట్టె మరీ తొందరగా ఆరిపోయింది. సంతోషి వీరేందర్‌కు ఫోన్ చేసింది. "వెనక చెయ్యి పెట్టి చూడు చెల్లె, వేడిగాలి వస్తున్నదా?"

వంగి చూసింది. "బాపూ! ఏంది ఇది?"

"వేడెక్కింది బిడ్డా. మూసిన."

"ఎవలు మూయమన్నరు నిన్ను?"

"నీ బాయి పని బాయిల్నే పెట్టుకో అని ఎన్నిసార్లు చెప్పిన," వంటింట్లోంచి రమ అంది. "ఇంటాడా ఈ మనిషి!"

"మూస్తే సల్లబడ్తది గదనే."

"ఎన్నొద్దులకు?" అంది సంతోషి.

"నెలలు వడ్తది..."

"నాకు సాయంత్రం రైలున్నది బాపూ!"

ఆమె టేపు లాగుతూ, కళ్లు తుడుచుకుంటూ చెప్పింది: "అక్కడ కాలేది బొగ్గు. ఇందుల కాలేదేం లేదు. ఉత్త వేడి. బయటికి పోతె సాలు."

పెట్టె పక్క రేకు ఊడదీశారు. రాయమల్లు టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఎదురుగా పెట్టాడు. రొద తగ్గింది. తెర మీద బొమ్మ గడి గడిగా పుట్టడం మొదలైంది. ముందు ఆకాశం, తర్వాత ఒక పైకప్పు అంచు. సంతోషి గోళ్లు కొరుక్కుంటూ చూస్తోంది. అతను గడప దాకా వెళ్లి వస్తున్నాడు.

"డ్యూటీ టైమైతున్నది," అంది రమ.

"పోత. ఆగు."

అప్పుడు సైరన్ మోగింది.

రమ కిటికీలు మూసింది. మూసినా సందుల్లోంచి వస్తుంది, ఎప్పుడూ వచ్చేదే. రాయమల్లు చేతికి దుప్పటి అందింది. కప్పితే పెట్టె ఆరిపోతుంది. కప్పకపోతే విప్పి పెట్టిన ఆ సన్నని తీగల మీద, ఫ్యాన్ల మీద బొగ్గు దుమ్ము కూర్చుంటుంది. ఏం చేయాలో సంతోషికీ తెలియదు.

అతను ఫ్యాన్‌ను వంటింటి వైపు నుంచి గాలి వచ్చేలా జరిపాడు. దుప్పటి రెండు కొసలు పట్టుకొని, కిటికీకీ పెట్టెకూ మధ్య చేతులు పైకెత్తి నిలబడ్డాడు. నేల వణికింది. అల్మారాలో గ్లాసులు గలగలమన్నాయి. కిటికీ రెక్కల మధ్య సన్నని నల్లని పొడి ఎండలో మెరుస్తూ లోపలికి జారింది. కొంత దుప్పటి మీద పడింది, కొంత అతని జుట్టులో. కొంత విప్పిన పెట్టెలోకే వెళ్లింది. చూస్తూ ఊరుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక తెరుచుకున్న చోటును అలాగే వదిలేయడం అతని భుజాలకు బరువుగా ఉంది.

"బాపూ, దించు. అయిపోయింది."

అతనికి వినపడలేదు. ఆమె లేచి వచ్చి మోచేయి పట్టుకుంది.

తెర మీద సాయంకాలపు వెలుతురులో పొడవాటి పైకప్పు ఒకటి, దాని కింద బల్లలు, బల్లల మీద హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు.

"ఇదేంది?"

"బాయి దిగేముందు మీరు కూసునే జాగ."

దగ్గరికి వంగి చూశాడు. "గోడలేవే?"

"రెండు దిక్కులే పెట్టిన. గాలి ఆడాలె గద."

"దుమ్ము వస్తది."

"వస్తది," అంది సంతోషి, బొమ్మను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ. "తుడుసుకుంటరు."