సాంచె బోల్టు, కుర్చీ బోల్టు

విజయరాణిని మహిళా సాధికారతకు ప్రతీక అని ఎవరైనా వేదికెక్కి పొగిడితే, ఆమె నవ్వేసి తన స్పానర్ ఎక్కడుందో వెతుక్కుంటుంది. ఆమె ఆఫీసు కుర్చీలు బిగిస్తుంది, బాగుచేస్తుంది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు ఉన్నన్నాళ్లూ కుర్చీలు విరుగుతూనే ఉంటాయి.

2002లో మాత్రం చేతిలో ఉన్నది ఒకే ఒక్క కుర్చీల పని, అదీ మొట్టమొదటిది. పుట్టింటివాళ్లకు సిరిసిల్లలో సాంచెలుండేవి. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ అలాగే అంటారు. అవి మూతపడ్డాక ఎస్.ఆర్. నగర్‌కొచ్చి హాస్టల్ పిల్లల బట్టలు కుట్టింది. సాంచెలు విప్పి బిగించిన చేతికి ఆ పని విసుగు. చివరికి ఒక ఇన్‌స్టిట్యూట్ నడిపే రామకృష్ణను అడిగి, విడిభాగాలుగా వచ్చిన కొత్త కుర్చీలు బిగించే పని పట్టింది.

"మీవల్ల అవుతుందా అమ్మా? సోమవారం కొత్త బ్యాచ్. ఇది బాగా చేస్తే పంజగుట్ట బ్రాంచ్ కూడా మీకే," అన్నాడాయన. చెడితే మళ్లీ కుట్టుమిషనే.

పెట్టెల్లో వచ్చిన బోల్టులు చాల్లేదు. ఆమె తన సంచీలోంచి ఢాయీ సూత్, అంటే రెండున్నర సూత్‌ల బోల్టు తీసింది. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పాత సాంచెలన్నిటికీ అదే కొలత. చూపుకు కుర్చీ బోల్టూ ఇదీ ఒకే లావు. కుర్చీకి పెడితే రెండు చుట్లు తిరిగి పట్టేసింది. అదిరే సాంచెకు బిగుతుగా ఎక్కిన బోల్టే నిలుస్తుంది, సులువుగా ఎక్కింది రాలిపోతుంది. ఆ నమ్మకంతోనే స్పానర్ వేసి తిప్పింది. సీటు చెక్కలోని నట్టు మరలు చెడిపోయి, బోల్టు ఊరికే తిరగసాగింది.

సందు చివర బోల్టుల దుకాణం హనుమాండ్లుది. అతని ముందు రెండు బోల్టులూ పెట్టింది.

"అన్నా, గివి జర చూడు. లావు ఒక్కతీరే ఉన్నయి గద, మరెందుకు పట్టింది?"

హనుమాండ్లు రెండింటినీ ఆనించి వెలుతురుకు ఎత్తాడు. మరల పళ్లు మొదట కలిసి, పోనుపోను తప్పాయి. సందులోంచి వెలుగు కనిపించింది.

"నీది అంగుళాల బోల్టు. కుర్చీది ఎమ్ ఎనిమిది. లావు ఎనిమిది మిల్లీమీటర్లు, మరకు మరకు నడుమ ఒకటింపావు. గది కలువకుంటె లావు కలిసి ఏం ఫాయిదా? ముందు వేళ్లతోని ఆఖరిదాక పోవాలె. స్పానర్ గటెన్క."

"సాంచెకు గట్టిగ ఎక్కిందే మంచిదంటరు."

"గిది సాంచెనా చెల్లె? కూసునేటోడు కదలాలె గని కుర్చీ కదలది!"

సరైన బోల్టులూ కొత్త నట్టూ తెచ్చుకుని, సీటు గుడ్డ పిన్నులు ఊడబీకింది. అప్పుడే రామకృష్ణ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? కొత్త కుర్చీని చీరేస్తున్నారేంటి?"

"తప్పు బోల్టు ఎక్కిచ్చిన సార్. లోపలి నట్టు ఖరాబైంది, మారుస్తున్న. జర ఆగుండ్రి, కూసోని చూద్దురు."

ఆయన గొణుగుతూ నిలబడ్డాడు. ఆమె నట్టు మార్చి, స్పాంజి సర్ది, ఎక్కడా ముడత లేకుండా గుడ్డ లాగి పిన్నులు కొట్టింది. బోల్టులు వేళ్లతోనే చివరిదాకా ఎక్కాయి. రామకృష్ణ కూర్చున్నాడు, వెనక్కి వాలాడు, అటూ ఇటూ ఊగాడు. పక్క కుర్చీ గుడ్డను వేలితో నొక్కి చూశాడు.

"దానికన్నా ఇదే బిగుతుగా ఉందే!"

"గుడ్డ పని పుట్టింటి నుంచే వచ్చింది సార్. బోల్టు పని ఇయ్యాల నేర్సుకున్న."

"పంజగుట్టలో నా మీదే నేర్చుకోకండి మరి."

"అయితె పంజగుట్ట ఇచ్చినట్టే గద సార్?"

ఆయన లేచి, ఆ కుర్చీని తన గదిలోకి తోసుకెళ్లాడు. మర్నాడు పొద్దున పంజగుట్ట బ్రాంచ్ తాళంచెవి పంపించాడు.