నాంపల్లి చిత్రశాలలో అక్క గొంతు విన్నాను

నేను ప్రయాణాలు పెద్దగా చేయను, చేసినా వాటి గురించి ఎవరికీ చెప్పను. కానీ పోయిన నెల ఒక ఆదివారం హైదరాబాద్‌లో గడిపిన ఆరేడు గంటల గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇలాంటి అవసరం ఉన్నవాళ్ళు ఇంకెక్కడైనా ఉంటే పనికొస్తుందని దారి, వేళలు, ధరలు కూడా రాస్తున్నాను. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసుకునే అలవాటు నాది, కాబట్టి అంకెలు నమ్మొచ్చు.

మాది మెదక్. మా అక్క రూతమ్మ మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. మా చర్చిలో పాట ఎత్తేది ఆమే. హార్మోనియం, తబలా ఏమీ లేకుండా మొదటి మాట ఆమె అందుకుంటే, ఆ శృతి పట్టుకుని సంఘమంతా పాడేది. ఆరు నెలల కింద ఆమె గొంతులో చిన్న కంతి తీశారు. నెల రోజులు మాట్లాడొద్దన్నారు. నెల గడిచింది, గొంతు మానిందని డాక్టరమ్మ చూసి చెప్పింది, అయినా అక్క గుసగుసలు మానలేదు. గుసగుసలు గొంతుకు ఇంకా చెడ్డవని చెప్పినా వినలేదు. నోరు తెరిస్తే ఎలాంటి గొంతు బయటికొస్తుందోనని భయం. చర్చిలో వెనక వరుసకు మారింది. ఇంటికి ఎవరైనా వస్తే ఆమె నా చెవిలో చెప్తుంది, నేను పైకి చెప్పాలి. మాట్లాడటం నాకు మొదటినుంచీ చేతకాని పని. అలాంటిది ఆరు నెలలుగా ఇద్దరి మాటలూ నేనే మాట్లాడుతున్నాను.

ఇంకా ఆలస్యం చేస్తే మామూలు గొంతు తెప్పించడం కష్టమని చెప్పి డాక్టరమ్మ ఒక కాగితం చేతిలో పెట్టింది. నాంపల్లిలో ఒక చిత్రశాల ఉందట. అక్కడ ఆదివారం పొద్దున, జనం రాకముందు, బొమ్మల మధ్య మెల్లగా నడిపిస్తారు, నిశ్శబ్దంగా కూర్చోబెడతారు, ఊపిరితో గొంతు సాధన చేయిస్తారు. ఇది యోగాలాంటిదేమో, మనం పోవచ్చో లేదో అని అక్కకు అనుమానం. పాస్టరయ్యను అడిగాను. ఊపిరి దేవుడిచ్చిందే కదా, పోయి మంచిగా పీల్చుకొని రమ్మన్నారు. దీనికోసం ఆదివారం ఆరాధన మానాల్సి వస్తుందని చెబితే అక్క వెంటనే సరేనంది. ఏనాడూ ఆదివారం మానని మనిషి అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి నాకు దిగులేసింది.

పొద్దున ఐదున్నర బస్సెక్కాం. టికెట్టు మనిషికి నలభై ఆరు రూపాయలు. నర్సాపూర్ అడవి దాటేటప్పుడు చలిగా ఉంటుంది, ఆడవాళ్ళకు శాలువా ఉంటే మంచిది. ఎనిమిదింపావుకు లకడికాపూల్‌లో దిగి ఆటో మాట్లాడాను. మీటరు మీద పదిహేను రూపాయలయింది. ఆదివారం పొద్దుగాల బొమ్మలు చూసుడేంది సార్, జూకు పోండ్రి, పులన్న ఉంటదని ఆటో ఆయన సలహా ఇచ్చాడు. అక్క నా మోచేయి గిల్లి చెవిలో ఏదో అంది. పులిని చూస్తే అరవాల్సి వస్తుందట. నేను ఆ మాట ఆటో ఆయనకు చెప్పాను. నా నోట అది జోకులా వినపడలేదు. ఆయన నవ్వలేదు.

చిత్రశాల పాత రాతి బంగళా. కార్యక్రమం తొమ్మిది నుంచి పదిన్నర దాకా. మనిషికి ఇరవై రూపాయలు, చాప వాళ్ళే ఇస్తారు. అక్క ఒక్కదాని పేరే రాయించి నేను వరండాలో బెంచీ మీద కూర్చోబోయాను. నడిపించేది శారద మేడమ్ అని, యాభై ఏళ్ళుంటాయి, నూలు చీరలో ఉన్నారు. ఎవరి గొంతు బాగా లేదని ఆమె అడిగితే, మా అక్కకని నేనే చెప్పాను. ఎన్నాళ్ళ నుంచని అడిగినా నేనే చెప్పాను. అప్పుడామె నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరూ లోపలికి రండి. ఈ గంటన్నర మీక్కూడా మాటలు బంద్" అన్నారు. ఇంకో ఇరవై కట్టాను.

మొత్తం పద్నాలుగు మందిమి. గన్‌ఫౌండ్రీ బ్యాంకులో పనిచేసే ఒకాయన, హిమాయత్‌నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మా పక్కనున్నారు. మొదట చెప్పులు విడిచి రాతి నేల మీద నడిచాం. ఒక్కో అడుగుకు ఒక పూర్తి ఊపిరి పీల్చి వదలాలి. వరండా ఆ చివరకు చేరడానికి పావుగంట పట్టింది. తర్వాత ఒకే ఒక పెద్ద రంగుల చిత్రం ముందు కూర్చోబెట్టారు. వానలో టార్పాలిన్ కింద సీతాఫలాలమ్మే మనిషి బొమ్మ అది. పది నిమిషాలు దాన్నే చూడాలన్నారు. మొదటి నిమిషంలోనే నేను పండ్లు లెక్కపెట్టేశాను, పదకొండు. ఇక చూడటానికేముందనుకున్నాను. చాలాసేపటికి గంప వెనక నీడలో ఇంకో మూడు కనిపించాయి. ఆ తర్వాత, వాన పడుతున్నా అమ్మే మనిషి భుజం ఒకటే తడిసి ఉండటం కనిపించింది. ఆ భుజాన్నే టార్పాలిన్ బయటికి జరిపి గంపకు అడ్డం పెట్టుకున్నాడు. నాకు గుండె వేగం పెరిగింది. బొమ్మ చూసి అలా కావడం నా జీవితంలో అదే మొదలు.

చివరి భాగం శిల్పాల గదిలో. పైన గుండ్రటి గోపురం, చిన్న దగ్గు కూడా అక్కడ తిరిగి తిరిగి వస్తుంది. ముందు ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఊరికే ఉండాలి, తర్వాత నోరు మూసి ముక్కుతో మూలుగుతూ ఊపిరి వదలాలి అని మేడమ్ చెప్పారు. కళ్ళు మూశాం. బయట నాంపల్లి స్టేషన్లో రైలు కూత వినిపించింది, ఆగిపోయింది. అయిదు నిమిషాలయ్యాక మేడమ్ మెల్లగా, "చాలు, కళ్ళు తెరవండి" అన్నారు.

"ఆమెన్."

గుసగుస కాదు. నిండు గొంతు, కొంచెం బొంగురు. గోపురంలో ఒక చుట్టు తిరిగి మా మీదికి దిగింది. కళ్ళు తెరవకముందే అది ఎవరిదో నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా ఉన్న ప్రతిసారీ చివర ఆ మాట అన్న మనిషి, అలవాటుకొద్దీ అనేసింది. అక్క చేత్తో నోరు మూసుకుని నా వైపు చూసింది. తప్పు చేసిన బడి పిల్లలా ఉంది ముఖం. గది తలుపు దగ్గర కావలి ఉన్న యాదగిరి అనే ఆయన లోపలికి తొంగిచూశాడు.

"ఇరవై ఏండ్ల సంది గీడ అందరి నోర్లు మూపిస్తున్న. నోరు తెరిపిచ్చుడు ఇయ్యాలనే చూస్తున్న" అన్నాడు.

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది, చప్పుడుతో. హిమాయత్‌నగర్ పెద్దావిడ ఏమీ అడగకుండా తన సీసాలో నీళ్ళు ఇచ్చింది. నొప్పిగా ఉందా అని మేడమ్ అడిగితే అక్క మెడ తడుముకుని తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి అనమంటే మాత్రం అనలేదు. మేడమ్ బలవంతపెట్టలేదు, సరే మూలుగుదాం రండి అన్నారు. పద్నాలుగు మందిమి మొదలుపెట్టాం. మొదటి ఊపిరికి అక్క గొంతు లేదు. రెండోసారికి కిందెక్కడో సన్నగా మొదలై ఆగింది. మూడోసారి ఆగలేదు. నాకు సంతోషం పట్టలేక నా మూలుగు గట్టిగా పోయినట్టుంది. అక్క నా వైపు తిరిగింది.

"తమ్ముడా, నువ్వు శృతి తప్పుతున్నవురా."

ఆరు నెలల్లో ఆమె నాతో పైకి అన్న మొదటి మాట అది. అవును, తప్పుతున్నానన్నాను.

బయటికి రాగానే స్టేషన్ రోడ్డులో ఇరానీ హోటల్‌కు వెళ్ళాం. చాయ్ నాలుగు రూపాయలు, బిస్కెట్లు రూపాయికొకటి. హోటల్ కుర్రాణ్ణి అక్కే పిలిచి ఏం కావాలో చెప్పింది. అక్కడినుంచి అబిడ్స్ నడక పది నిమిషాలే. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, పేవ్‌మెంట్ అంతా పాత పుస్తకాలే. బడికిద్దామని అక్క ఒక అట్లాసు పట్టుకుంది. పుస్తకాలమ్మేవాడు అరవై అన్నాడు. ఆఫ్రికా పేజీ చినిగిందని, ఆఫ్రికా లేని ప్రపంచానికి ముప్ఫై అయిదే ఎక్కువని గొంతెత్తి బేరం చేసి సాధించింది. నేను పక్కన నోరు మూసుకుని నిలబడ్డాను, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పన్నెండుకల్లా ఆమె గొంతు అలిసింది. అలిసినప్పుడు ఆపాలని మేడమ్ ముందే చెప్పారు, కాబట్టి రెండున్నర బస్సులో ఇద్దరం మాట్లాడుకోలేదు.

తర్వాతి ఆదివారం చర్చిలో పాట వేళయింది. ఎవరు ఎత్తుతారా అని ఎప్పటిలాగే ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. వెనక వరుస నుంచి అక్క ఎత్తింది, మునుపటికంటే బాగా కిందికి. మగవాళ్ళం ఆ కింది స్వరాలు అందక తడబడ్డాం, అయినా ఎవరూ పైకి మార్చలేదు. రెండో చరణంలో ఆమె గొంతు ఆగిపోయింది. ఆడవాళ్ళు అదే శృతిలో నడిపించారు, మూడో చరణానికి ఆమె మళ్ళీ వచ్చి కలిసింది. పాత గొంతు తిరిగొస్తుందో లేదో డాక్టరమ్మకే తెలియదు. మేం మాత్రం ఈ కొత్త గొంతు ఎక్కడుంటే అక్కడికి దిగి పాడటం నేర్చుకుంటున్నాం.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. మీరు తోడుగా వెళ్ళినవారే అయినా వరండాలో బెంచీ మీద కూర్చోవద్దు. ఇరవై రూపాయలు కట్టి మీరూ లోపలికి వెళ్ళండి.