బస్తా మూతిలో వేపాకు

మొన్న స్టేషన్ ఘన్‌పూర్‌లో వరంగల్ బస్సు కోసం నిలబడి ఫోను చూసుకుంటుంటే, పొరుగుదేశాల కూటమి సమావేశం మళ్ళీ వాయిదా పడిందని ఒక మూల చిన్న వార్త కనిపించింది. అది చదివి బస్టాండులో ఎవరూ సొమ్మసిల్లి పడిపోలేదు, నేనూ పడలేదు గానీ, ఈ మాట మా పెద్దమ్మకు ఎట్లా చెప్పాలా అని ఒక క్షణం ఆలోచించి, ఆమె పోయి ఏళ్ళు గడిచాయని గుర్తొచ్చి, ఎదురుగా వచ్చి ఆగిన బస్సు ఎక్కడం మరిచిపోయాను. ముప్పై దాటీ దాటకముందే వీడికి జ్ఞాపకాలేమిటని మీరు నవ్వవచ్చు. మన ఈడువాళ్ళం తొందరగా ముసలివాళ్ళమైపోయాం, అందులో మన తప్పేమీ లేదు, మనం పనిచేసిన చోట్లు మనకంటే ముందే మూతపడ్డాయి.

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం నర్సింహులపేట దగ్గర మిర్చి షెడ్డులో. పేరుకు సూపర్‌వైజర్‌ను, అయితే షెడ్డులో తిరిగే పిల్లి కూడా నా మాట వినేది కాదు. అసలు పెత్తనమంతా మా అమ్మకు అక్క అయిన పెద్దమ్మది. పిల్లలు లేరు, పెదనాయిన ఎప్పుడో పోయాడు, పొద్దున లేచి వెళ్ళడానికి ఆమెకు ఆ షెడ్డు తప్ప ఇంకో చోటు లేదు. చుట్టుపక్కల తండాల ఆడవాళ్ళు వచ్చి వరుసగా కూర్చుని, తమ భాషలో పాడుకుంటూ, మధ్యలో తుమ్ముకుంటూ ఎండుమిర్చికి తొడిమలు తీసేవారు. తొడిమ లేని మిర్చి కావాలని బంగ్లాదేశ్ వ్యాపారులు అడిగేవారు గనుక, మా పక్క ఒక్క ఊరి పేరు కూడా వినని మనుషుల కూరల్లో మా కారం ఉండేది.

ప్రతి లోడుకూ మొదటి బస్తాకు పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, దబ్బనంతో మూతి కుట్టే ముందు లోపల పిడికెడు వేపాకు వేసేది పెద్దమ్మ. పురుగు పట్టదని ఒక కారణం, దిష్టి తగలదని ఇంకొకటి. "పొలిమేర దాటి పోతున్నది బిడ్డా, ఉత్తగనే తోలుతమా" అనేది, మిర్చిని అత్తగారింటికి సాగనంపుతున్నట్టు.

ఒకసారి లోడు సరిహద్దులో ఆగింది. తనిఖీ చేసేవాళ్ళకు అన్ని బస్తాల్లోనూ బొట్టు పెట్టుకున్న బస్తానే కంటికి ఆనింది. విప్పి చూస్తే కాగితాల్లో రాయని ఆకు ఉంది, దానితో ఏ తెగులు వస్తుందో పరీక్ష చేయాలన్నారు. మన దగ్గర చేసిన పరీక్ష వాళ్ళకు చెల్లదు. నమూనా వాళ్ళ ల్యాబుకు పోయి ఫలితం వచ్చేలోగా వానలు పడి మిర్చి నల్లబడింది, కొన్నవాళ్ళు మాకొద్దన్నారు, షెడ్డుకు తాళం పడింది.

కంపెనీ సారు ఒకాయన వచ్చి, మూసిన తలుపు ముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. చుట్టుపక్కల దేశాలన్నీ కలిసి ఒక కూటమి పెట్టుకున్నాయట, ఒకరి సరుకు మీద ఒకరు సుంకం తగ్గించుకోవడం, అమ్మకాలకు అడ్డంకులు లేకుండా చూసుకోవడం దాని పనట. ఒక దేశంలో చేసిన పరీక్షను మిగతా దేశాలు నమ్మాలని రాబోయే సమావేశంలో ఒప్పుకుంటే ఇట్లాంటి తిప్పలుండవు, షెడ్డు మళ్ళీ తెరుస్తామన్నాడు. కాకపోతే అక్కడ ఏది కావాలన్నా అందరూ సరేననాలి, ఒక్కరు తల అడ్డంగా ఊపినా ఆగిపోతుంది.

"అంటే అన్నదమ్ములు, పాలోళ్ళు పంచాదికి కూసున్నట్టా సారూ?" అని పెద్దమ్మ అడిగింది.

"గంతే అవ్వా."

"మరి జర జల్ది కూసోమనుండ్రి. గీళ్ళు కూలికి, కైకిలికి పట్నం పోయిన్రంటె మళ్ళ రారు."

"నీ ఫోన్ నంబర్ రాసియ్యి పెద్దమ్మా, మంత్రులకు పంపుత" అన్నాను నేను. ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ రోజు నుంచి పక్కింటి టీవీలో వార్తలు వచ్చేవేళకు పోయి కూర్చునేది. మొత్తం మహబూబాబాద్ జిల్లాలో ఆ సమావేశం కోసం ఎదురుచూసిన మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది. తేదీ ఖాయమైందని విని షెడ్డు ముందర ఊడ్చి పేడనీళ్ళ సాన్పు చల్లింది కూడా. తీరా చూస్తే పెద్ద దేశాలు రెండింటికి మాటా మాటా పెరిగి, ఒకరు రామన్నారు, సమావేశమే జరగలేదు. ఆ వార్త విని ఆమె నా వైపు తిరిగి అడిగింది.

"నా ఆకుతోనేనా బిడ్డా?"

"నీ ఆకు గంత పెద్దది కాదే పెద్దమ్మా, అది వాళ్ళ సరిహద్దుల లొల్లి" అన్నాను. తల ఊపింది గానీ, నమ్మినట్టు నాకు అనిపించలేదు. దేశాలు కొట్టుకోవడం నా జోకులకు లొంగే సంగతి కాదని అప్పుడు తెలిసింది.

తండాల వాళ్ళు ఒక్కొక్క కుటుంబంగా పట్నం పోయారు. పోయే ముందు ప్రతి ఒక్కరూ ఆమె గుమ్మం దగ్గర ఆగి "షెడ్డు తెరిస్తె ఫోన్ జెయ్యి అవ్వా" అని చెప్పిపోయారు, ఆమె సరేనంది. పెద్దమ్మ పోయిన తర్వాత సామాను సర్దడానికి నేనూ మా అమ్మా వెళితే, బియ్యం డబ్బా నిండా పురుగులున్నాయి. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆ డబ్బాలో వేపాకు లేకుండా ఉన్నది లేదట. లోడు ఆగినప్పటి నుంచి ఆకు వేయడం మానేసిందని, ఏ పూటకాపూట చేటలో పురుగు ఏరుకుని వండుకునేదని పక్కింటామె చెప్పింది. అమ్మ డబ్బా ముందు కూర్చుని చేట అందుకుంది. నేను అలవాటు కొద్దీ ఏదో జోకు వేయబోయి, ఆమె పక్కన కూర్చుని పురుగు ఏరడం మొదలుపెట్టాను.

ఇప్పుడు తొడిమలు తీసే యంత్రాలు వచ్చాయి. అవి పాడవు, తుమ్మవు, ఏ బస్తాకూ బొట్టు పెట్టవు. కూటమి ఉంది, వాయిదాలూ ఉన్నాయి, ఎప్పుడో ఒకనాడు అందరూ కూర్చుని ఒకరి పరీక్షను ఒకరు నమ్ముతారేమో. పెద్దమ్మ ఇంటి ముందరి వేపచెట్టు మాత్రం ఇంకా కిటికీలోకి కొమ్మ చాపే ఉంది. ఆ కిటికీ కిందనే బియ్యం డబ్బా ఉండేది.